ఊబి నేర్పిన పట్టు

తామ్రగిరి కోట దూరం నుంచి చూసేవారికి కొండ నెత్తిన పెట్టిన రాగి కిరీటంలా ఉంటుంది. పొద్దు వాలేకొద్దీ బురుజుల ఎరుపు ముదిరి, చుట్టూ ఉన్న అగడ్తలో నీళ్లు కాక కరిగిన లోహం పారుతున్నట్టు కనిపిస్తుంది. సింహద్వారానికి అటూ ఇటూ తొండాలు పెనవేసుకున్న రాతి ఏనుగులు. వాటి దంతాలకు వేలాడే గంటలు గాలికి కదిలినప్పుడల్లా లోపల అడుగుపెట్టబోయేవాడి గుండె ఒకసారి ఆగి కొట్టుకుంటుంది.

ఆ గంటల కింద, ఒళ్లంతా నల్లటి బురద పూసుకున్న మనిషి ఒకడు నిలబడ్డాడు. తలకు పాగా, మొలకు బిగించి కట్టిన పంచె, ఛాతీ చుట్టూ జమ్మునారతో అల్లిన వెడల్పాటి పట్టీ.

ద్వారపాలకుడు ముక్కు మూసుకున్నాడు. "ఎవడివిరా నువ్వు? గేదెల్ని తోలుకొచ్చే దారి అటువైపు."

"గేదెల్ని తోలుకురాలేదయ్యా. నా పేరు తుంగడు. మాది బాడవ. మీ రాజజెట్టితో కుస్తీ పట్టడానికి వచ్చాను."

ద్వారపాలకుడు ముక్కు మీద చెయ్యి తీసేసి నవ్వాడు. "ముందు స్నానం చేసి రా. మా శిలాభుజుడికి నిన్ను ఎక్కడ పట్టుకోవాలో కూడా తెలీదు."

"అదే మా ఆనవాయితీ. బాడవ జెట్టి బురద పూసుకోకుండా గోదాలోకి దిగడు."

ఆనవాయితీ అన్న మాట వినగానే వాడు పక్కకు తప్పుకున్నాడు. తామ్రగిరిలో రాజు మాట కంటే ఆనవాయితీకి చెల్లుబాటు ఎక్కువ.

ఆ బురద కింద ఉన్నది తుంగడు కాదు, తుంగవల్లి. తామ్రగిరికీ సముద్రానికీ మధ్య, కనుచూపు మేర జమ్ముగడ్డీ ఊబీ నిండిన బాడవ దేశపు ఆడపడుచు. భర్త ఉప్పు పడవల మీద దక్షిణతీరం వెళ్లి ఇంకా తిరిగి రాలేదు. ఇంట్లో అత్త బొమ్మసాని, పళ్లు కూడా రాని కూతురు కలువ. మొన్న పొద్దున రెల్లు గుడిసె ముందు ఉయ్యాల్లో కలువను పడుకోబెట్టి, తుంగవల్లి పాలచెంబు కోసం లోపలికి వెళ్లి వచ్చేలోగా ఆకాశం నుంచి పొగరంగు గోళ్లున్న గద్ద ఒకటి దిగింది. తిరిగొచ్చేసరికి ఉయ్యాల ఊగుతూనే ఉంది, లోపల బిడ్డ లేదు.

ఆ గద్ద తామ్రగిరి ఆస్థాన మంత్రగాడు ధూమ్రనఖుడు. రాజు వింధ్యకేతుడికి బాడవ మీద ఎప్పటినుంచో కన్ను. ఎన్నిసార్లు సైన్యాన్ని నడిపినా ఊబి మింగేసింది. ఊబి ఒడ్డున పుట్టిన పసిబిడ్డ ఏడుపు వింటే ఊబి గట్టిపడి దారి ఇస్తుందని ధూమ్రనఖుడు ఎక్కడో చదివాడట. అమావాస్య నాడు ఆ బిడ్డను సైన్యానికి ముందు మోయించి, ఏడిపిస్తూ నడిపిస్తాడు. దారి తెరిచేదాకా ఏడిపించడానికి ఏమేం చేస్తాడో తలుచుకుంటే తుంగవల్లికి అడుగు పడటం లేదు. అందుకే తలుచుకోవడం మానేసి బయలుదేరింది.

వచ్చేటప్పుడు బొమ్మసాని ఒకే మాట చెప్పింది. "వాడి మాయ ఏదైనా మన ఊబినీళ్లు తగిలితే కరిగిపోతుంది. అందుకే ఆకాశాన వచ్చాడు, కాలు కింద పెట్టలేదు. కుండలో పట్టుకుపోదామనుకునేవు, ఒడ్డు దాటితే అవి ఉత్త నీళ్లే. నువ్వే పిల్లను నీళ్ల దాకా తీసుకురావాలి."

పిల్లను తీసుకురావడానికి ఉన్న దారి ఒక్కటే. తామ్రగిరిని కట్టిన తొలిరాజు ఒక మాట ఇచ్చిపోయాడు. రాజజెట్టిని గోదాలో ఓడించినవాడు కోటలో ఉన్నదేదైనా ఒక్కటి కోరుకోవచ్చు. ఆ మాట తప్పిననాడు సింహాసనం కిందున్న బండ చీలుతుందని అందరూ నమ్ముతారు. వింధ్యకేతుడు మరీ నమ్ముతాడు, దాని మీద కూర్చునేది అతనే కాబట్టి.

గోదా పక్కన ఎర్రమట్టి అరుగు మీద తుంగవల్లిని కూర్చోబెట్టారు. ఎదురుగా గోడ నిండా ఏనుగుల బొమ్మలు చెక్కి ఉన్నాయి. రెండు మదపుటేనుగులు కుంభస్థలాలు ఆనించి నెట్టుకుంటున్నాయి. తర్వాతి పలకలో ఒకటి పడిపోయింది. ఆ తర్వాతి పలకలో పడినదాని చుట్టూ రాబందులు.

"మా విద్య అక్కడినుంచి వచ్చింది," అన్నాడు పక్కన వచ్చి కూర్చున్న మనిషి. అతను కూర్చుంటే అరుగు ఇరుకైపోయింది. మెడ ఎక్కడ ముగిసి భుజం ఎక్కడ మొదలవుతుందో తెలియడం లేదు. శిలాభుజుడు ఇతనేనని ఎవరూ చెప్పక్కర్లేదు. "మా తొలిరాజు అడవిలో ఏనుగుల పోరు చూశాడు. పడిన ఏనుగు మళ్లీ లేవదు. అందుకని మాకు పడటమంటే చావు. పుట్టిన దగ్గర్నుంచీ నిలబడటమే నేర్చుకుంటాం. నీదేం విద్య, అబ్బాయ్?"

"విద్యా పాడా అయ్యా. గేదెల దగ్గర నేర్చుకున్నది."

శిలాభుజుడు వెక్కిరించలేదు. తల పంకించాడు. "ఒళ్లు చూస్తే జమ్ముకాడలా ఉంది. నిన్ను మెల్లిగానే పడేస్తాను. పడగానే మట్టి చరుచు, బెట్టు చేయకు. మొండికేసినవాళ్ల ఎముకలు విరిగితే నాకు ఆ రోజంతా అన్నం సయించదు."

అతను లేచి వెళ్లాక తుంగవల్లి ఆ పడిపోయిన ఏనుగు వైపే చూస్తూ ఉండిపోయింది. అత్త చెప్పిన కథ గుర్తుకొచ్చింది. కాపురానికి వచ్చిన కొత్తలో, గేదె ఒకటి దిగబడినప్పుడు బురదలో పక్కపక్కనే పడుకుని చెప్పిన కథ.

వెనకటి రోజుల్లో ఊబిలో గేదె దిగబడితే మెడకు తాడేసి లాగేవాళ్లట. గట్టిగా లాగితే మెడ విరిగేది, మెల్లిగా లాగితే మునిగేది. ఒకనాడు ఒక ఆడమనిషి, పేరు కూడా ఎవరికీ గుర్తులేదు, తన చూడిగేదె మునిగిపోతుంటే చూడలేక దాని పక్కన బురదలో వెల్లకిలా పడుకుంది. దాంతోపాటే పోదామనుకుంది పాపం. తీరా పడుకుంటే మునగలేదు. నిలబడ్డవాళ్లను మింగే ఊబి పడుకున్నవాళ్లను మోస్తుందని ఎవరైనా గమనించడం అదే మొదటిసారి. కాళ్లు దాని నడుము చుట్టూ వేసి, అది ఎటు గింజుకుంటే అటే తనూ ఒరిగింది. గింజుకున్న ప్రతిసారీ గేదెకూ బురదకూ మధ్య కాస్త ఖాళీ ఏర్పడేది. ఆ ఖాళీలోకి తను జరిగేది. పొద్దు వాలేలోపు గేదె తేలింది.

"తర్వాత మగాళ్లు దాన్ని ఆట చేసుకున్నారు," అంది బొమ్మసాని. "ఒక్కో పట్టుకూ ఒక్కో పేరు పెట్టి, మీసాలు దువ్వారు. ఆడవాళ్లకు పేర్లు పెట్టే తీరిక ఎక్కడిది? ఇంటికి తెచ్చి పిల్లలకు ఆముదం పట్టడానికి వాడుకున్నారు."

కలువ పుట్టినప్పుడు తుంగవల్లికి బిడ్డను ఎత్తుకోవాలంటేనే భయం. మెడ నిలవదు, మాడు కొట్టుకుంటూ ఉంటుంది. గట్టిగా పట్టుకుంటే నలిగిపోతుందేమో, వదులుగా పట్టుకుంటే జారిపోతుందేమో. నిద్రలో కూడా చేతులు బిగుసుకునేవి. అత్త కాళ్లు చాపించి, బిడ్డను మోకాళ్ల మధ్య పడుకోబెట్టి, ఆమె వేళ్లు ఒక్కొక్కటే సడలించింది. "నువ్వు పట్టుకోవడం లేదు, బిగిస్తున్నావు. రెండూ ఒకటి కాదు. దాని ఒళ్లు ఎటు పోతే అటు నీ చెయ్యి వెళ్లాలి. ఎటు వెళ్లినా నీ చెయ్యి అక్కడే ఉందని దానికి తెలిస్తే చాలు, అదే ఊరుకుంటుంది."

గోదాలో కొమ్ము ఊదారు.

దండధారి ముసలాయన నియమాలు వల్లించాడు. అంతా విని తుంగవల్లి అడిగింది, "అయ్యా, ఓడినట్టు ఎప్పుడు?"

జనం గొల్లుమన్నారు. "నీకే తెలుస్తుందిలే," అని ఎవడో అరిచాడు.

ముసలాయన మాత్రం ఓపిగ్గా చెప్పాడు. "వెన్ను నేలకు తాకి, అరచేత్తో మట్టి చరిస్తే."

"రెండూ జరగాలా?"

ఈ మాట ఆయన్ని ఇంతవరకు ఎవరూ అడగలేదు. "శాసనంలో రెండూ ఉన్నాయి. కానీ వెన్ను తాకాక చరచకుండా ఉన్నవాణ్ని నా ఎరుకలో చూడలేదు, నాయనా."

పైన మేడమీద సింహాసనంలో వింధ్యకేతుడు కూర్చున్నాడు. అతని పక్కన నల్లటి పట్టువస్త్రాల్లో ధూమ్రనఖుడు. వాడి వేళ్ల చివర పొగచూరిన గోళ్లు మర్రి ఊడల్లా వంకర తిరిగి ఉన్నాయి. వాడి వెనక ఒక దాసి చేతుల్లో మూట. ఆ మూట కదిలింది. కదిలి, ఏడ్చింది.

ఆకలి ఏడుపు. తుంగవల్లికి ఏ ఏడుపు ఏమిటో తెలుసు. వినడంతోనే రొమ్ముల్లో పాలు చేపుకొచ్చాయి, జమ్మునార పట్టీ వెచ్చగా తడిసింది. బురద లేకపోతే ఆ క్షణమే పట్టుబడిపోయేది. కిందికి వంగి, ఇంకో పిడికెడు తడిమట్టి తీసి ఛాతీకి పూసుకుని, కళ్లు మేడ మీదనుంచి బలవంతాన దించుకుంది.

శిలాభుజుడు ఏనుగులాగే వచ్చాడు. తల వంచి, భుజం ముందుకు పెట్టి, అడుగుల కింద మట్టి అదురుతుండగా. అతని చేతులు బురద మీద జారాయి. రెండోసారి నడుము దొరికింది. గోదా, జనం, మేడ అన్నీ ఒక్కసారి తలకిందులయ్యాయి. తుంగవల్లి వెన్ను నేలకు తాకింది. మాట ఇచ్చినట్టే మెల్లిగానే పడేశాడు, ఊపిరి మాత్రం సగం పోయింది.

జనం హోరెత్తారు. శిలాభుజుడు ప్రతి గెలుపు తర్వాతా చేసే పనే చేశాడు. ఆమెను వదిలేసి, నిటారుగా నిలబడి, రెండు చేతులూ ఎత్తి రాజుకు నమస్కరించాడు.

తుంగవల్లి మట్టి చరచలేదు.

బాడవలో ఆట మొదలయ్యేదే వెల్లకిలా పడ్డాక. ఆమె మడమ అతని మడమ వెనక్కి చేరింది, రెండో పాదం మోకాలి మీద ఆనింది. ఒక కాలు లాగింది, ఒక కాలు నెట్టింది. చేతులు ఆకాశంలో ఉన్న మనిషికి పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు. కోట కట్టిననాటి నుంచీ నిలబడ్డ విద్య అలా వెనక్కి ఒరిగి, పెద్ద చప్పుడుతో కూలింది.

జనం లేచి నిలబడ్డారు.

కింద పడ్డ శిలాభుజుడికి ఏం చేయాలో తెలియలేదు. పడటం అతనికి ఎవరూ నేర్పలేదు. దిగబడ్డ గేదెలాగే కాళ్లూ చేతులూ కొట్టుకున్నాడు. అతను ఎటు పొర్లితే తుంగవల్లి అటే పొర్లింది. మోచెయ్యి ఎత్తితే ఆ సందులోకి ఆమె మోకాలు, మెడ తిప్పితే ఆ ఖాళీలోకి ఆమె ముంజేయి. చివరికి అతని వీపుకు బల్లిలా కరుచుకుని, కాళ్లు నడుము చుట్టూ ముడివేసి, చెయ్యి గొంతు కింద పెట్టింది.

పైన కలువ మళ్లీ ఏడ్చింది. ఆ ఏడుపుకు తుంగవల్లి ముంజేయి తనంత తానే బిగుసుకుంది. ఇంకాస్త బిగిస్తే ఈ కొండంత మనిషి ఊపిరి ఆగిపోతుందని ఆమెకు తెలుసు. అతని గొంతులో నాడి ఆమె చేతికి తగులుతోంది, మాడు కొట్టుకున్నట్టు. వేళ్లు ఒక్కొక్కటే సడలించుకుంది.

"గింజుకోకయ్యా," అంది అతని చెవి దగ్గర, గొంతు మార్చడం మరిచిపోయి. "గింజుకున్నకొద్దీ నీకే కష్టం. నీ ప్రాణంతో నాకు పనిలేదు. అక్కడ ఏడుస్తోందే, అది నా పిల్ల."

శిలాభుజుడి ఒళ్లు ఒక్క క్షణం రాయిలా ఆగింది. అది ఒక తల్లి గొంతని అర్థమైంది. ఆపైన ఆ పెద్ద అరచెయ్యి మెల్లిగా లేచి, ఎర్రమట్టిని చరిచింది.

దండధారి దండం ఎత్తాడు. వింధ్యకేతుడు సింహాసనం కింద బండ వైపు ఒకసారి చూసి, "కోరుకో," అన్నాడు.

"ఆ పసిబిడ్డ, ప్రభూ."

మేడ మీద గుసగుసలు లేచాయి. ధూమ్రనఖుడికి కోపం వస్తుందని అందరూ అనుకున్నారు. వాడు నవ్వాడు. దాసి చేతుల్లోంచి మూట అందుకుని, మెట్లు దిగి గోదాలోకి వచ్చాడు.

"రాజవాక్కు కాదనడానికి నేనెవర్ని? ఇదిగో, నీ కోరిక."

అందిస్తూ ఆ మూట మీద గోళ్లతో ఒక్కసారి నిమిరాడు. తుంగవల్లి చేతుల్లో పడింది బిడ్డ కాదు, ఉడుము. గరుకుచర్మం, కొరడాలాంటి తోక, కొక్కేల్లాంటి గోళ్లు.

"బిడ్డే అది," అన్నాడు ధూమ్రనఖుడు తాపీగా. "గట్టిగా బిగించావంటే చస్తుంది. వదిలావంటే ఏ గోడ సందులోకో పోతుంది, మళ్లీ నాకే దొరుకుతుంది. తీసుకుపో."

ఉడుము ఆమె ముంజేతిని కరిచి పట్టింది. తోక ముఖానికి తగిలి పాగా ఊడిపోయి, జుట్టు వీపు మీద జారింది. ఆడది, ఆడది అని జనం గోల. తుంగవల్లి అదేమీ వినలేదు. కరిచిన చేతిని లాక్కోలేదు. లాగితే ఆ లేత దవడ ఏమవుతుందోనని ఇంకాస్త లోపలికే ఇచ్చింది. తోకను చంక కింద ఒదిగించింది. వెనక కాళ్లకు తన్నుకోవడానికి పొట్ట మీద చోటిచ్చింది. గోళ్లు గీసిన చోటల్లా నెత్తురు చిమ్ముతుంటే, అది ఎటు మెలితిరిగితే అటే తనూ తిరుగుతూ, ఆముదం పట్టడానికి పిల్లను మోసుకెళ్తున్నట్టు చిన్న చిన్న అడుగులు వేస్తూ ద్వారం వైపు నడిచింది.

"ద్వారం మూయండి," అని ధూమ్రనఖుడు కేక పెట్టాడు. "కోరింది ఇచ్చాం. బయటికి పోనిస్తామని ఏ శాసనమూ చెప్పలేదు."

ద్వారపు అడ్డగడియను నలుగురు భటులు మోసుకొస్తున్నారు. శిలాభుజుడు వాళ్ల చేతుల్లోంచి దాన్ని తీసుకుని భుజాన పెట్టుకుని, తీరిగ్గా నిలబడ్డాడు. "పొండి," అన్నాడు. వాళ్లు వెళ్లిపోయారు.

తుంగవల్లి దాటుతుండగా అతను గొంతు తగ్గించి అడిగాడు. "ఆ పట్టు పేరేమిటమ్మా?"

"పేరు లేదన్నా. మా అత్త 'కాస్త పిల్లను పట్టుకో' అంటుంది, అంతే."

"నేర్పుతావా?"

"ముందు దీన్ని నిద్రపుచ్చనీ."

కొండ దారిలో ఆమె దిగుతుంటే వెనక గుర్రాల సకిలింపులు, ద్వారం దగ్గర అడ్డగడియ ఎవరికో తగిలిన చప్పుడు, శిలాభుజుడి గర్జన వినిపించాయి. దారి చుట్టు తిరిగి పోతుంది. అడ్డంగా దిగితే జారుడు ఎర్రమట్టి. నిలబడి దిగితే ఎముకలు మిగలవు. తుంగవల్లి ఉడుమును గుండెకు ఆనించుకుని వెల్లకిలా పడుకుంది. కొండ ఆమెను తనంతట తానే కిందికి దించింది. వీపు చీరుకుపోయింది, గుండె మీది బరువు మాత్రం కదలలేదు.

కింద కూతవేటు దూరంలో ఊబినీళ్లు మెరుస్తున్నాయి. జమ్ములో ఆమె దోనె, దోనెలో నిలబడి చూస్తున్న బొమ్మసాని కూడా కనిపిస్తోంది. ఇంకాస్త నడిచి ఆ నీళ్లు తగిలిస్తే చాలు, మాయ కరిగిపోతుంది.

అప్పుడు కోట బురుజు మీదనుంచి పొగ దిగింది. గోళ్ల రంగు పొగ. ఆమెకూ నీళ్లకూ మధ్య గోడలా అడ్డం నిలిచింది. దాని మీదుగా ఎగిరిన కొంగలు కొన్ని రెక్కలు ఆడించడం మరిచిపోయి టపటపా రాలాయి. అవతల నుంచి అత్త ఏదో కేకేస్తోంది, మాటలు అందడం లేదు. వెనక గుర్రాల డెక్కలు కొండ దారి చివరి మలుపు తిరిగాయి.

తుంగవల్లి ఆగిపోయింది. అక్కడే చతికిలబడి, కాళ్లు చాపి, ఉడుమును మోకాళ్ల మధ్య పడుకోబెట్టింది. పరుగెత్తాల్సిన వేళ కూర్చున్నానేమిటని ఆమెకు తోచనే లేదు. చేతులకు తెలిసిన పని అదొక్కటే. "ఉష్, నా తల్లి, ఉష్," అంటూ ముందుకూ వెనక్కూ ఊగింది. ఊగుతూ వంగినప్పుడు జుట్టు దాని మీద పడింది.

కరిచిన నోరు కాస్త వదులైంది. గరుకుచర్మం కింద గుండె వడి తగ్గింది. ముందరి కాలు ఒకటి గాల్లోకి లేచి, ఆమె బుగ్గను గీరి, జుట్టులో తడుముకుంది. తడుముకుని తడుముకుని ఎడమ చెవి తమ్మెను దొరకబుచ్చుకుని, పట్టుకుంది.

నిద్ర వచ్చినప్పుడు కలువ పట్టుకునేది ఆ చెవినే.

తుంగవల్లి కళ్లు తుడుచుకోలేదు, చేతులు ఖాళీగా లేవు. వంగిన తలను అలాగే ఉంచి పొగ వైపు చూసింది. అంత ఎత్తు గోడా నేలను మాత్రం తాకడం లేదు. పొగకూ మట్టికీ మధ్య, మనిషి పడుకుంటే పట్టేంత ఖాళీ ఉంది.

గోరు గుచ్చుకున్న చెవిని బిడ్డకే వదిలేసి, ఆమె మళ్లీ నేలకు వీపు ఆనించి, మడమలతో మట్టిని తన్నుకుంటూ ఆ ఖాళీలోకి జరిగింది.